స్టూడెంట్ ప్రాజెక్టులు, గిట్, టెస్టులు: ఏ పని దేనికి అప్పగించాలి?

మధురవాడలో చూసినా గాజువాకలో చూసినా సెమిస్టర్ చివరి వారంలో విశాఖ ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ ల్యాబుల్లో కనిపించేది ఒకటే. సెక్షన్‌లో అరవై మంది, నలుగురికో బ్యాచ్ లెక్కన పదిహేను ప్రాజెక్టులు. అన్నీ జిప్ ఫైళ్లుగా వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో గైడ్ దగ్గరికి వస్తాయి. ఒకదాని పేరు ఫైనల్, ఇంకోదాని పేరు న్యూ ఫైనల్, మూడోది ఒరిజినల్ ఫైనల్ టూ. గైడ్ తన కంప్యూటర్‌లో విప్పి రన్ కొడితే స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు. "సార్, మా ల్యాప్‌టాప్‌లో వస్తోంది సార్" అంటారు పిల్లలు. పాపం, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

ఈ తలనొప్పికి మందుగా "ఇకమీదట ప్రాజెక్టులన్నీ గిట్‌హబ్‌లోనే" అని సర్క్యులర్ వస్తుంది. చివరి రోజు రాత్రి పిల్లలు అదే జిప్ ఫైల్‌ని విప్పకుండానే గిట్‌హబ్‌లోకి ఎక్కించి, లింకు రికార్డులో అంటిస్తారు. ఫైలు ఉండే చోటు మారింది తప్ప గైడ్ కష్టం మారలేదు. ఎందుకంటే ఇందులో నాలుగు వేర్వేరు పనులు కలగలిసి ఉన్నాయి. కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందో దాచిపెట్టడం ఒకటి, నలుగురు కలిసి రాయడం ఇంకొకటి, రాసింది సరిగ్గా పనిచేస్తోందా అని పరీక్షించడం మూడోది, మార్కులు వేయడం నాలుగోది. మొదటి మూడింటికీ మంచి టూల్స్ ఉన్నాయి. నాలుగోదాన్ని కూడా టూల్ నెత్తిన పెట్టేద్దామనుకున్న చోటే వ్యవహారం చెడుతుంది.

గిట్ దాచేది ఫైళ్లను కాదు, చరిత్రను

గిట్, గిట్‌హబ్ ఒకటే అనుకునేవాళ్లు ఫైనలియర్‌లో కూడా ఉంటారు. గిట్ మన కంప్యూటర్‌లోనే నడిచే ప్రోగ్రాం. లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు అప్పటిదాకా ఇదే పనికి వాడుకున్న బిట్‌కీపర్ అనే టూల్‌కి ఉచిత లైసెన్స్ 2005లో రద్దయితే, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లో సొంతంగా గిట్ రాయడం మొదలుపెట్టాడు. గిట్‌హబ్ 2008లో వచ్చిన వెబ్‌సైట్. గిట్‌తో చేసిన పనిని నెట్‌లో ఉంచి నలుగురికీ పంచుతుంది. 2018లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. గిట్‌ల్యాబ్ కూడా అలాంటిదే, కాకపోతే కాలేజీ కావాలనుకుంటే దాన్ని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఈ రెండింటి కిందా నడిచేది గిట్టే.

కోడ్ మార్చిన ప్రతిసారీ కమిట్ చేస్తే, ఏ ఫైల్‌లో ఏ లైను మారింది, ఎవరి పేరు మీద మారింది, ఎందుకు అన్నది గిట్ రాసి పెట్టుకుంటుంది. ఖాతాలో ఇప్పుడు ఎంత ఉందో ఏటీఎం చెబుతుంది, ఎప్పుడు ఎంత పడిందో పాస్‌బుక్ చెబుతుంది. జిప్ ఫైల్ ఏటీఎం స్లిప్పు లాంటిది. గైడ్‌కి కావలసింది పాస్‌బుక్.

ఇంకో లాభం ఉంది, విశాఖవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. గిట్‌లో ప్రాజెక్ట్‌ని క్లోన్ చేసుకున్న, అంటే పూర్తి కాపీ తెచ్చుకున్న, ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ మొత్తం చరిత్ర ఉంటుంది. ఒకరి ల్యాప్‌టాప్ వానలో తడిసిపోయినా మిగతా ముగ్గురి దగ్గరా పని భద్రంగా ఉంటుంది. నెట్ లేకపోయినా కమిట్లు చేసుకుంటూ పోవచ్చు, వచ్చాక పుష్ చేస్తే, అంటే వాటిని సర్వర్‌కి పంపితే, సరి.

అయితే ఈ చరిత్రను కళ్లు మూసుకుని నమ్మకూడదు. కమిట్‌లో కనిపించే పేరు, ఈమెయిల్, తేదీ ఆ కంప్యూటర్‌లో సెట్ చేసిన వివరాలు మాత్రమే. వాటిని గిట్ ఎవరినీ అడిగి నిర్ధారించుకోదు. తేదీని వెనక్కి జరిపి కమిట్ చేయడానికి మామూలు ఆప్షనే ఉంది. కాబట్టి గడువు లోపల ఇచ్చారా లేదా తేల్చడానికి కమిట్ తేదీ పనికిరాదు, సర్వర్‌కి పుష్ ఎప్పుడు చేరిందో చూడాలి.

కాలేజీ ల్యాబుల్లో దీనికి ఇంకో తిరకాసు ఉంది. ఒకే సిస్టమ్ మీద పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది. పొద్దున కూర్చున్న అమ్మాయి పేరు గిట్ సెట్టింగ్స్‌లో అలాగే ఉండిపోతుంది. మధ్యాహ్నం అబ్బాయి రాసిన కోడ్ అంతా ఆమె ఖాతాలో పడుతుంది. అతను పుష్ కొడితే అనుమతి లేదని 403 ఎర్రర్ వస్తుంది. కారణం, లాగిన్ వివరాలు దాచే విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆమె లాగిన్ ఇంకా దాగి ఉంది. దాన్ని తీసేసి, ప్రాజెక్ట్ ఫోల్డర్ వరకే తన పేరు పెట్టుకోవడం మొదటి ల్యాబ్ క్లాసులోనే నేర్పాలి. అలాగే 2021 ఆగస్టు 13 నుంచి గిట్ కమాండ్లకి గిట్‌హబ్ మామూలు పాస్‌వర్డ్‌ని ఒప్పుకోవడం లేదు. బ్రౌజర్ ద్వారా లాగిన్ అవ్వాలి, లేదా పాస్‌వర్డ్ బదులు వాడే టోకెన్ తీసుకోవాలి. పాత నోట్సు చూసి పాస్‌వర్డ్ కొట్టికొట్టి విసిగిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. గిట్‌హబ్‌తో మాట్లాడే దారుల్లో ఒకటైన ఎస్ఎస్‌హెచ్‌ని కాలేజీ ఫైర్‌వాల్ ఆపేస్తే, రెండో దారి హెచ్‌టీటీపీఎస్ లింకు వాడుకోవాలి.

మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుల వాళ్లకి ఒక మాట. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ తీసుకోదు. డేటాసెట్‌ని కోడ్‌తో కలిపి తోయకండి, ఎక్కడ దొరుకుతుందో రాస్తే చాలు. ఇక డేటాబేస్ పాస్‌వర్డ్‌నో, ఏపీఐ కీనో (బయటి సర్వీసుని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) ఒకసారి కమిట్ చేసి మర్నాడు తీసేసినా పాత కమిట్‌లో అది చదవడానికి వీలుగానే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి.

"మా ల్యాప్‌టాప్‌లో వస్తోంది" అనే జబ్బుకి

విద్యార్థి ల్యాప్‌టాప్‌లో రెండేళ్లుగా ఇన్‌స్టాల్ చేసుకున్న లైబ్రరీలు ఉంటాయి, సీ డ్రైవ్‌లో తన పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి తను పెట్టుకున్న పాస్‌వర్డ్ ఉంటుంది. ప్రోగ్రాం వీటన్నిటి మీదా ఆధారపడి నడుస్తుంది, ఆ సంగతి రాసినవాడికే తెలియదు. సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) అని పిలిచే ఏర్పాటు చేసేది ఒక్కటే. పుష్ చేసిన ప్రతిసారీ ఎక్కడో ఒక ఖాళీ కంప్యూటర్‌ని తీసుకుని, అందులో ఈ కోడ్ దించి, అవసరమైనవి ఇన్‌స్టాల్ చేసి, టెస్టులు (ఈ ఇన్‌పుట్‌కి ఈ జవాబు వస్తోందా అని సరిచూసే కోడ్) నడిపి, పాసైతే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గుర్తు పెడుతుంది. గిట్‌హబ్‌లో దీని పేరు యాక్షన్స్. గిట్‌ల్యాబ్‌లో కూడా ఇలాంటిదే ఉంది.

ఈ ఖాళీ కంప్యూటర్ మీద సాధారణంగా ఉబుంటు అనే లినక్స్ ఉంటుంది. విండోస్‌కి అలవాటు పడ్డ పిల్లలు మొదటి దెబ్బ ఇక్కడే తింటారు. ఫైల్ పేరు పెద్ద ఇంగ్లిష్ అక్షరంతో ఉండి, కోడ్‌లో చిన్న అక్షరంతో పిలిస్తే విండోస్ సర్దుకుపోతుంది, లినక్స్ ఫైలే లేదంటుంది. సీ డ్రైవ్ అడ్రసు కోడ్‌లో నేరుగా రాసుంటే అక్కడ సీ డ్రైవే లేదు. నా దృష్టిలో ఇది శిక్ష కాదు, మంచి పాఠం. రుషికొండ ఐటీ హిల్ మీద ఏ కంపెనీలో చేరినా మొదటి వారంలో ఎదురయ్యేది ఇదే.

ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేట్ రిపాజిటరీలకి (రిపాజిటరీ అంటే కోడ్, దాని చరిత్ర కలిపి ఉండే ప్రాజెక్ట్ ఫోల్డర్) నెలకి 2,000 నిమిషాల సీఐ సమయం ఇస్తారు. ఒక విద్యార్థి వైల్ లూప్‌లో కౌంటర్ పెంచడం మర్చిపోతే ఆ ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు. మనం ఏమీ చెప్పకపోతే ఒక జాబ్‌ని (సీఐ ఒక విడతలో నడిపే పని) గిట్‌హబ్ 360 నిమిషాల దాకా నడవనిస్తుంది. అంటే ఒక్క లూప్ ఆరు గంటలు మింగేస్తుంది, అలాంటి పుష్‌లు ఆరు పడితే నెల కోటా ఖాళీ. సెట్టింగ్ ఫైల్‌లో టైమౌట్ ఐదు నిమిషాలు అని ఒక్క లైను రాస్తే ఈ గొడవ ఉండదు.

ఒక్కో విద్యార్థికీ విడివిడిగా రిపాజిటరీ చేసివ్వడం, టీచర్ మొదట రాసిచ్చే స్టార్టర్ కోడ్ అందులో పెట్టడం, టెస్ట్ ఫలితాలు ఒకచోట చూపించడం కోసం గిట్‌హబ్ క్లాస్‌రూమ్ 2015లో వచ్చింది. కాలేజీలో ఇప్పటికే మూడుల్ (ఆన్‌లైన్ క్లాసులు, అసైన్‌మెంట్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే విర్చువల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్, కోడ్‌రన్నర్ అనే ప్లగిన్లు ఉన్నాయి. చిన్న ల్యాబ్ ప్రశ్నలకి అవే మేలు. నెలల తరబడి సాగే టీమ్ ప్రాజెక్టుకి గిట్ కావాలి.

టెస్టు రాయడమంటే ప్రశ్నపత్రం రాయడమే

అసలు కష్టం ఇక్కడుంది. పైన చెప్పినవన్నీ సెటప్ చేయడం ఒక పూట పని. టెస్టులు పసలేనివైతే ఆ పచ్చ టిక్కుకి విలువ లేదు.

కరెంటు బిల్లు లెక్కకట్టే ప్రోగ్రాం తీసుకుందాం. మొదటి సంవత్సరం ల్యాబుల్లో దాదాపు అందరూ చేసేదే. రేట్లు ఊహించుకుందాం, డిస్కం వసూలు చేసేవి కావు: మొదటి 30 యూనిట్లకి యూనిట్ 2 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, ఆపైన 4.50. శ్లాబు దాటితే దాటిన యూనిట్లకే పై రేటు. ఈ లెక్కన 31 యూనిట్లకి 63 రూపాయలు, 75కి 195, వందకి 307.50.

చాలామంది మొత్తం యూనిట్లని పై రేటుతో గుణించేస్తారు. అప్పుడు 31 యూనిట్లకి 93 వస్తుంది. మన టెస్టు 10, 20, 25 యూనిట్లతోనే ఉంటే ఈ ప్రోగ్రాం వందకి వంద తెచ్చుకుంటుంది. ఇంకొకరు 30 కంటే ఎక్కువ, 75 కంటే తక్కువ అని ఒక షరతు, 75 కంటే ఎక్కువ అని ఇంకో షరతు రాస్తారు. సరిగ్గా 75 యూనిట్లు వాడిన ఇంటికి బిల్లే రాదు. 75తో టెస్టు పెడితేనే ఇది దొరుకుతుంది. అందుకే అంచుల దగ్గర, అంచుకి అటూ ఇటూ టెస్టులుండాలి: 0, 30, 31, 75, 76.

మైనస్ 5 యూనిట్లు ఇస్తే? ఎర్రర్ చూపాలా, సున్నా ఇవ్వాలా? ప్రశ్నలో ఆ ముక్క లేకపోతే ఏ జవాబూ తప్పు కాదు, టెస్టుకి దాని మీద మార్కులు కోసే హక్కు లేదు. టెస్టులు రాయడానికి కూర్చున్నప్పుడే మనం ఇచ్చిన ప్రశ్నలో ఎన్ని కన్నాలున్నాయో తెలుస్తుంది. ప్రశ్న ఇచ్చేసి టెస్టులు తర్వాత రాసుకుందామనుకునే పద్ధతి ఇందుకే పనికిరాదు.

ప్రోగ్రాం తెర మీద చూపించే వాక్యాన్ని అక్షరం అక్షరం పోల్చే టెస్టులు ఇంకో పీడ. లెక్క సరిగ్గా వచ్చినా "టోటల్" తర్వాత ఒక ఖాళీ తక్కువైందని, 63 బదులు 63.00 చూపిందని ఫెయిల్ చేస్తాయి. పిల్లలు లెక్క వదిలేసి కామాలు దిద్దుకుంటూ కూర్చుంటారు. బిల్లు లెక్కకి ఒక ఫంక్షన్ రాయమని, యూనిట్లిస్తే రూపాయలు తిరిగివ్వాలని చెప్పి, ఆ ఫంక్షన్‌ని పరీక్షించాలి. జావాకి జేయూనిట్, పైథాన్‌కి పైటెస్ట్ చేసే పని అదే. దశాంశాల దగ్గర ఇంకో జాగ్రత్త: కంప్యూటర్‌కి 0.1 + 0.2 అంటే 0.30000000000000004. కాబట్టి డబ్బుని పైసల్లో పూర్ణాంకాలుగా లెక్కకట్టమనాలి, లేదా టెస్టులో కాస్త తేడాని ఒప్పుకోవాలి.

విశాఖ పిల్లలు తెలివితక్కువ వాళ్లేం కాదు. టెస్టులో 31కి 63 అని కనిపిస్తే, ఇన్‌పుట్ 31 అయితే 63 ఇచ్చెయ్ అని రాసి పాసయ్యేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుంటారు. టెస్ట్ ఫైల్ వాళ్ల రిపాజిటరీలోనే ఉంటే ఆ ఫైల్‌నే మార్చేసే ఘనులు కూడా ఉంటారు. రెండో దానికి మందు సులువు: మార్కుల కోసం నడిపేటప్పుడు టీచర్ తన దగ్గరున్న టెస్ట్ కాపీనే వాడాలి. మొదటిదానికి జవాబులు చెప్పని టెస్టులు కావాలి. ఉదాహరణకి యూనిట్లు పెరిగితే బిల్లు ఎప్పుడూ తగ్గకూడదు. ఒక్క యూనిట్ పెరిగితే బిల్లు 4.50కి మించి పెరగకూడదు. ఈ రెండో నియమాన్ని 0 నుంచి 500 దాకా వరసగా నడిపితే, మొత్తానికి పై రేటు వేసిన ప్రోగ్రాం 30, 31 మధ్య 33 రూపాయలు ఎగిరి దొరికిపోతుంది. జవాబులు కాపీ కొట్టి పెట్టినదీ నిలవదు.

టెస్టులన్నీ దాచేస్తే పిల్లలకి టెన్షన్, అన్నీ చూపిస్తే పైన చెప్పిన తంతు. అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన మార్మోసెట్ అనే ప్రోగ్రాములు దిద్దే టూల్‌లో ఒక మధ్యేమార్గం కనిపిస్తుంది. కొన్ని టెస్టులు అందరికీ కనిపిస్తాయి. మిగతావాటి ఫలితం కొంతవరకు చూడాలంటే టోకెన్ ఖర్చుపెట్టాలి, ఖర్చయిన టోకెన్ మళ్లీ రావడానికి ఒక రోజు పడుతుంది. కాబట్టి ముందుగా మొదలుపెట్టినవాడికి ఎక్కువ అవకాశాలు దొరుకుతాయి. చివరి రాత్రి కూర్చునేవాడికి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇంకొకటి. పిల్లలకి కావాలని తప్పులు పెట్టిన ఐదారు బిల్లు ప్రోగ్రాములు ఇచ్చి, వాటన్నిటినీ పట్టుకునే టెస్టులు మీరే రాయండి అనడం. సరైన ప్రోగ్రాంని ఆ టెస్టులు పాస్ చేయాలి, తప్పువాటిని ఆపాలి. 75 దగ్గర బిల్లు రాని ప్రోగ్రాంని పట్టుకున్న పిల్ల తన సొంత కోడ్‌లో ఆ షరతు రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. విద్యార్థులు రాసిన టెస్టులకి కూడా మార్కులు వేసే వెబ్‌క్యాట్ అనే టూల్ వర్జీనియా టెక్‌లో పుట్టింది. అసలు ప్రోగ్రాములు దిద్దే ప్రోగ్రాం అన్న ఆలోచన ఇప్పటిది కాదు, 1960 నాటికే రెన్సలీర్ పాలిటెక్నిక్‌లో పంచ్ కార్డుల మీద నడిచింది.

కాపీలు, లెక్కలు, మార్కులు

నలుగురి బ్యాచ్‌లో ఎవరు ఎంత పనిచేశారన్నది ప్రతి గైడ్‌నీ తొలిచే ప్రశ్న. గిట్‌హబ్ ఒక గ్రాఫ్ చూపిస్తుంది, కమిట్లు ఇన్ని, లైన్లు ఇన్ని అని. ఆ గ్రాఫ్ చూసి మార్కులు వేస్తే ఘోరం. ఒకడు కోడ్ మొత్తానికి ఖాళీలు సర్దే ఫార్మాటర్ నడిపి వేల లైన్లు తన పేరు మీద వేసుకోవచ్చు. ఇంకొకమ్మాయి రెండు రోజులు కుస్తీపడి ఒక్క లైను మార్చి అసలు బగ్ తీసి ఉండొచ్చు. ఇద్దరు ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాస్తే ఒకరి పేరే పడుతుంది. కమిట్ మెసేజ్ చివర రెండోవాళ్ల పేరు జతచేసే వీలుంది, కానీ అది ఎవరో చెబితే తప్ప తెలియదు. కమిట్ల సంఖ్యకి మార్కులని ప్రకటించిన మర్నాటి నుంచి ఒక్కో కామాకి ఒక్కో కమిట్ వస్తుంది.

కాపీలు పట్టుకోవడం కోసం స్టాన్‌ఫర్డ్‌లో నడిచే మాస్ అనే టూల్ ఉంది, అలెక్స్ ఐకెన్ 1994లో మొదలుపెట్టాడు. జర్మనీలోని కార్ల్స్‌రూ నుంచి వచ్చిన జేప్లాగ్ కూడా ఇదే పని చేస్తుంది. ఇవి వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు చేర్చినా మోసపోవు, కోడ్ నిర్మాణాన్ని పోలుస్తాయి. కానీ పది లైన్ల బిల్లు ప్రోగ్రాం అందరిదీ ఒకేలా ఉంటుంది, అది కాపీ కాదు. టీచర్ ఇచ్చిన స్టార్టర్ కోడ్‌ని లెక్కలోంచి తీసేయమని చెప్పకపోతే క్లాసంతా దొంగలే అవుతారు. పోలిక ఎక్కువ ఉన్నచోట మనిషి కూర్చుని చూడాలి, ఆ శాతాన్ని నేరుగా మైనస్ మార్కులుగా మార్చకూడదు. పక్కవాడి దగ్గర కాకుండా చాట్‌జీపీటీ దగ్గర రాయించుకుంటే ఈ టూల్స్ చేతికి పెద్దగా ఏమీ దొరకదు. ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బిచ్చి కొన్నదీ అంతే.

అక్కడ చరిత్ర పనికొస్తుంది, వైవాతో కలిపి చూస్తే. రెండు నెలల ప్రాజెక్ట్ ఒకే ఒక్క కమిట్‌లో ఊడిపడితే అది నేరానికి సాక్ష్యం కాదు, ప్రశ్న అడగడానికి కారణం. మామూలుగా వైవాలో "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అంటే బట్టీ పట్టిన పేరా వస్తుంది. దాని బదులు రిపాజిటరీ తెరిచి, "మార్చిలో ఈ ఫైల్‌లో ఈ షరతు తీసేశారు, అంతకుముందు ఏ టెస్ట్ ఫెయిలైంది?" అని అడగండి. రాసినవాళ్లు కళ్లు మెరిసి చెబుతారు. అప్పటికప్పుడు బ్రాంచ్ (అసలు కోడ్‌ని కదపకుండా మార్పులు చేసుకునే విడి పాయ) తీసి పది నిమిషాల్లో ఒక కొత్త శ్లాబు చేర్చమనండి. కోడ్ ఎవరు రాశారన్న వాదన కంటే, ఆ కోడ్ మీద ఈ విద్యార్థికి పట్టుందా లేదా అన్నది ముఖ్యం, అది ఈ పది నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే మార్కుల్లో టెస్టులకి సగం మించి ఇవ్వొద్దంటాను. మిగతాది కోడ్ చదివి, వైవాలో మాట్లాడి వేయాల్సింది. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే నాక్, ఎన్‌బీఏ ఫైళ్ల కోసం సీఓ-పీఓ పట్టికలు (కోర్సు ఫలితాల్ని ప్రోగ్రాం ఫలితాలతో జతచేసేవి) నింపే లెక్చరర్లకి కూడా నెలల తరబడి తేదీలతో ఉన్న ఈ చరిత్ర చేతికందిన ఆధారమే.

టీచర్‌కి ఇంత టైమెక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్న. మొదటిసారి ఒక అసైన్‌మెంట్‌కి సరైన టెస్టులు రాయడానికి ఒక సాయంత్రం పోతుంది, అరవై రికార్డులు దిద్దడానికి పట్టే కాలంతో పోలిస్తే నష్టమేమీ లేదు. అన్ని ల్యాబులకీ ఒకేసారి మొదలుపెట్టకుండా, ఒక సెమిస్టర్‌లో ఒక్క ల్యాబ్, అందులో మూడు అసైన్‌మెంట్లు, కాలేజీ అంతటికీ ఒకే సీఐ సెట్టింగ్ ఫైల్ అనుకుంటే నడిచిపోతుంది. రెండో ఏడాదికి పాత జవాబులన్నీ సీనియర్ల రిపాజిటరీల్లో దొరుకుతాయి కాబట్టి రేట్లు, శ్లాబుల హద్దులు మార్చి, ఒక ఫిక్స్‌డ్ ఛార్జీ చేర్చి ఇవ్వాలి. అంచుల విలువల్ని టెస్ట్ ఫైల్ మొదట్లోనే ఒకచోట పెట్టుకుని ఉంటే ఆ మార్పు అరగంట పని.